కింద పెట్టిన ఫింజాన్

షేక్ ఫుహైద్ దగ్గర డ్రైవరు ఉద్యోగం దొరికిందంటే మా ఆదోనిలో అందరూ నా అదృష్టం పండిందన్నారు. రియాద్‌లో పెద్ద ఖాజీగా చేసి రిటైరైన మనిషి, మసీదుకూ ఆసుపత్రికీ తప్ప గడప దాటడు, ఇక నీకు పనేముందిరా గౌసూ, తిని కూర్చోవడమే అన్నారు. వచ్చాక తెలిసింది, కారు తోలడం అందులో చిన్న పని అని. ఆయనకు చూపు మందగించింది. ఫిఖ్ కితాబులు, అంటే ధర్మశాస్త్ర గ్రంథాలు, నేను చదివి వినిపించాలి. చిన్నప్పుడు హైదరాబాదు మదరసాలో బెత్తం దెబ్బలతో నేర్చిన అరబీ అలా అక్కరకొచ్చింది. ఒక్క అక్షరం తప్పు పలికినా పేజీ మొదటినుంచి చదివించేవాడు. ఎవరైనా సందేహం అడగడానికి వస్తే వాళ్ళ మాట పూర్తయ్యేదాకా నేను నోరు మెదపకూడదు. నా నోటికి అంత శిక్ష ఇంకెవరూ వేయలేదు.

ఆయనకో నియమం ఉండేది. అడిగినవాడు లేనిదే జవాబు చెప్పడు. పక్కింటి అన్నదమ్ములు గోడ కోసం వీధికెక్కి కొట్టుకుంటున్నా, ఊరంతా వచ్చి మీరొక మాట చెప్పండి అని బతిమాలినా, "వాళ్ళిద్దరిలో ఎవరైనా నా దగ్గరికి వచ్చారా?" అని అడిగి ఊరుకునేవాడు. అడిగినవాడు లేకుండా తీర్పు చెప్పేవాడు ఖాజీ కాదు, వాగుడుకాయ అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా నా వైపే చూసేవాడు.

అది అమెరికా ఇరాక్ మీద యుద్ధానికి దిగిన సంవత్సరం, 2003. బాగ్దాదు పడిపోయి కొన్ని వారాలైంది. రియాద్‌లో ఏ ఇంటి మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, కూర్చున్నా అదే మాట. సాయంత్రం పూట మా ఇంటికి వచ్చేవాళ్ళు కూడా, తివాచీ మీద కూర్చుని ఖర్జూరం నోట్లో వేసుకున్న వెంటనే, పక్క దేశంలో మంటలు లేస్తుంటే మన రాజ్యం ఏం చేయాలి, ఎవరితో నిలబడాలి, ధర్మం ఏమంటుంది అని మొదలుపెట్టేవారు. షేక్ అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు. యుద్ధమూ సంధీ పాలకుడి త్రాసులో తూగే సరుకు, ఆ త్రాసు నా చేతిలో లేదు అనేవాడు. ముసలాయన గోడమీద పిల్లిలా భలే తప్పించుకుంటున్నాడని నేను లోపల నవ్వుకునేవాణ్ణి.

ఒక శనివారం మజ్లిస్‌లో ఏసీ పాడైంది. షేక్ మేనల్లుడు మిషారికి పెద్ద మెయింటెనెన్స్ కంపెనీ ఉంది. మామ ఇంట్లో ఏసీ మొరాయిస్తే వాళ్ళ మనిషే వచ్చి బాగుచేస్తాడు. ఆ రోజు కొత్తవాడు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నీలం యూనిఫారం మీద దుమ్ము దులుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. పేరు సదానందం, జగిత్యాల పక్క ఊరు. తెలుగు వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అతను పని చేసుకుంటున్నంతసేపూ నేను మాట్లాడుతూనే ఉన్నాను. పాపం, స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకుని తల ఊపాడు.

పని అయింది, చల్లగాలి వచ్చింది. షేక్ అతన్ని కూర్చోమన్నాడు. ఆయన ఇంటికి వచ్చినవాడు మంత్రి అయినా మెకానిక్ అయినా ఖహ్వా తాగకుండా పోకూడదు. యాలకులు వేసి కాచిన ఆ అరబ్బు కాఫీ పసుపు కలిపిన నీళ్ళలా ఉంటుంది, చేదు విషం. చెవులు లేని చిన్న కప్పులో, అదే ఫింజాన్‌లో, షేక్ తన చేత్తోనే పోసి ఇచ్చాడు. సదానందం రెండు చేతులా అందుకున్నాడు. ఒక క్షణం దాని వంక చూశాడు. తర్వాత ఎంతో మర్యాదగా తివాచీ మీద తన ముందు పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

నేను గబుక్కున షేక్ వైపు చూశాను. ఆ దేశపు ఎడారి మనుషుల్లో ఒక ఆచారం ఉంది. అతిథి ఫింజాన్ పుచ్చుకుని తాగకుండా కింద పెట్టాడంటే, నాకొక కష్టముంది, నువ్వు తీరుస్తానంటేనే నీ ఇంట్లో తాగుతాను అని అర్థం. ఇంటాయన "తాగు, నీ పని అయింది" అనాలి. అనలేకపోతే ఆ ఇంటికి తలవంపులు. షేక్ పుట్టింది ఉత్తరాన గుడారాల్లోనే. ఆయన తన ఫింజాన్ కూడా కింద పెట్టేశాడు. మొహం గంభీరమైంది. ఇతనికేం కావాలో అడుగు అన్నాడు నాతో.

"ఏమప్పా, ఏంటికి కింద పెట్టినావు? నీకేం కావల్లని అడుగుతాండాడు పెద్దాయన," అన్నాను నేను.

సదానందం కంగారుపడ్డాడు. "తప్పయిందా భాయ్? ఇయ్యాల శనివారం గదా. నాకు ఒక్కపొద్దు. పొద్దుమీకి తానం జేసి దీపం వెట్టేదాంక నీళ్ళు దప్ప ఏం ముట్ట. పెద్దమనిషి ఇచ్చిండు, వద్దంటె మంచిగుండదని తీస్కున్న."

నేను ఊపిరి పీల్చుకుని షేక్‌కు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఈ మనిషికి మీ ఆచారం తెలియదు, శనివారం వాళ్ళ దేవుడి పేరున ఉపవాసం, అందుకే పెట్టాడు, ఏమీ అడగడం లేదు అన్నాను. షేక్ విన్నాడు. "ఎందుకు పెట్టాడో తెలిసింది. కానీ నేను అడిగాను కదా. అడిగాక జవాబు వినాలి. ఏమీ వద్దంటున్నాడా?" అన్నాడు.

ఆ మాట సదానందానికి చెప్పాను. ఏం లేదని లేచిపోతాడనుకున్నాను. అతను తన పనిముట్ల సంచీ వైపు చూశాడు. తర్వాత, "ఏం గావాల్నని ఇప్పటిదాంక ఎవ్వలు అడగలే భాయ్," అన్నాడు. "అడిగిండు గాబట్టి చెప్పు. నన్ను ఇరాక్ తోలకుండ్రి అని చెప్పు."

అప్పుడు తెలిసింది అసలు కథ. మిషారి కంపెనీ ఇరాక్ లోపల పరాయి సైన్యం దిగిన శిబిరాల్లో ఏసీలు బిగించే కాంట్రాక్టు పట్టింది. మొదట పాకిస్తానీలనూ బంగ్లాదేశీలనూ బస్సెక్కించబోయారు. వాళ్ళు ఎదురు తిరిగారు. ముస్లింల దేశం మీద దండెత్తినవాళ్ళకు చాకిరీ చేయడం హరామ్, మేం పోము, కావాలంటే పెద్ద ఆలిమ్, అంటే ధర్మపండితుడి దగ్గర ఫత్వా తెచ్చి చూపించండి అన్నారు. ఆ గొడవ తెగేదాకా హిందువులనూ క్రైస్తవులనూ ముందు పంపాలని కంపెనీ నిర్ణయించింది. మీకు ఫత్వాతో పనేముంది, సంచులు సర్దుకోండి అన్నాడట సూపర్‌వైజరు. పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరే ఉన్నాయి. వచ్చే వారమే బస్సు. సదానందం భార్య స్వర్ణ టీవీలో బాంబులు చూసి ఫోన్‌లో ఏడుస్తోందట. తాను రియాద్‌లో పనికని వచ్చాడు గానీ యుద్ధానికి రాలేదు, అదొక్కటే అతని మాట.

 ఆచారం ప్రకారం షేక్ ఇప్పుడు "తాగు" అనాలి. అనలేదు.

"తాగమని ఇప్పుడే అనను. ఆ పని నా చేతిలో లేదు, చేతిలో లేని మాట ఇవ్వను," అన్నాడు. "కానీ ఆ ఫింజాన్ అక్కడే ఉంటుంది. నువ్వు దాన్ని తాగేదాకా నీకు భయం లేదు."

నేను చెప్పింది సదానందానికి సగమే తలకెక్కింది. కారులో దింపడానికి వెళుతుంటే, "కాఫీ తాగకపోతె గింత లొల్లా భాయ్?" అన్నాడు దిగులుగా. పెద్దాయనకు కోపం వచ్చి కంపెనీకి ఫోన్ చేస్తాడేమోనని అతని భయం.

ఆ సాయంత్రం నుంచి షేక్ ఖహ్వా ముట్టలేదు. అతిథి తాగనిదే ఇంటాయన తాగకూడదట. అలా ఏ పుస్తకంలో ఉందని అడిగాను. పుస్తకంలో లేదు, మా నాన్న అలాగే చేసేవాడు అన్నాడు. డెబ్బై దాటిన మనిషి, పొద్దున్నే ఖహ్వా పడందే కళ్ళు తెరవనివాడు. తలనొప్పితో నా మీద చిర్రుబుర్రులాడాడు. నా చదువులో లేని తప్పులు కూడా పట్టాడు. ఆ ఫింజాన్ మీద ఒక సాసరు బోర్లించి, దాన్ని ఎవరూ కదపకూడదన్నాడు. వచ్చినవాళ్ళు దాన్ని చూడగానే గ్రహించి, ఎవరిదా మొర అని అడిగేవారు. ఒక ఇండియా ఏసీ మెకానిక్‌ది అంటే నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు.

సోమవారం మిషారి వచ్చాడు. అమెరికాలో చదువుకుని, కొంతకాలం ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి, తర్వాత వ్యాపారంలో దిగినవాడు. మర్యాద తెలిసినవాడే. మామ నుదుటిమీద ముద్దుపెట్టుకుని, ఆరోగ్యం అడిగి, జేబులోంచి టైపు చేసిన కాగితం తీశాడు. ఇరాక్‌లో పనిచేయడం ధర్మవిరుద్ధం కాదని, అది మన దేశ విధానానికి అనుగుణమేనని అందులో ఉంది. కింద షేక్ ముద్ర ఒక్కటే తక్కువ. ఆయన పేరంటే పాకిస్తానీలకు కూడా గురి, ముద్ర పడితే వాళ్ళూ బస్సెక్కుతారు.

నన్ను చదవమన్నాడు షేక్. చదివాను. దేశ విధానం అన్న మాట దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నాడు. తర్వాత మేనల్లుణ్ణి అడిగాడు, ఈ యుద్ధం గురించి మన పాలకుడు ఏం చెప్పాడు అని.

"మేం ఇందులో పాల్గొనం అన్నారు," అన్నాడు మిషారి. చిన్నగా నవ్వాడు. "అది లోకం కోసం అన్న మాట మామా."

"నేనూ లోకంలోనే ఉన్నాను," అన్నాడు షేక్.

మిషారి తగ్గలేదు. బాగా మాట్లాడాడని ఒప్పుకోవాలి. ఇరాక్ మన గోడ అవతలి ఇల్లు, ఆ ఇల్లు కూలితే ఇటుకలు మన నెత్తిమీద పడతాయి, రేపు అక్కడ ఎవరు గద్దెనెక్కినా మన చెయ్యి అక్కడ ఉండాలి, బలవంతుడితో స్నేహం తెంచుకుని చిన్న రాజ్యాలు బతకలేవు, పైకి ఒక మాట లోపల ఒక పని లేని రాజ్యం ఈ భూమ్మీద లేదు అన్నాడు. నాకైతే అతను చెప్పిందే నిజమనిపించింది. షేక్ కూడా కొట్టిపారేయలేదు.

"నువ్వు చెప్పినది తప్పని నేననను. పాలకుడు అవన్నీ తూచే ఉంటాడు, అది ఆయన త్రాసు," అన్నాడు. "ఆయన పైకి చెప్పిన మాట ప్రకారం నడుస్తాను. కనుసైగలు చూసి తీర్పు చెప్పడం నాకు రాదు, చూపు కూడా లేదు. అయితే ఇందులో నా త్రాసులో పడేది ఒకటుంది." అని సాసరు బోర్లించిన ఫింజాన్ వైపు చెయ్యి చాపాడు.

మిషారికి ఆ కథంతా ఆయనే చెప్పాడు. ఉపవాసం సంగతి కూడా దాచలేదు. మిషారి మొహం విచ్చుకుంది. అయితే పొరపాటన్నమాట అన్నాడు. అతను ముస్లిం కాడు, మన ఆచారం ఎరగడు, తాగకపోవడానికి కారణం వేరు. పైగా ఇది ఎడారి ఆచారమే గానీ ధర్మశాస్త్రం కాదు. మామలాంటి ఖాజీ దీన్ని పట్టుకుని వేలాడితే ఎలా అన్నాడు.

అప్పుడు షేక్ ఒక పాత సంగతి చెప్పాడు. ఖలీఫా ఉమర్ కాలంలో హుర్ముజాన్ అనే పారశీక సేనానిని బంధించి మదీనాకు తెచ్చారు. ముస్లింలను ఎంతోమందిని చంపినవాడు. మరణశిక్ష తప్పదని వాడికీ తెలుసు. దాహమని నీళ్ళడిగాడు. ఇచ్చారు. నేను తాగుతుండగా నరుకుతారేమో అన్నాడు. తాగేదాకా నీకు భయం లేదన్నాడు ఉమర్. వాడు వెంటనే నీళ్ళు నేలమీద ఒలకబోశాడు. ఇక తాగడానికి నీళ్ళు లేవు, నన్ను చంపడానికి మాట లేదు అన్నాడు. ఉమర్‌కు ఒళ్ళు మండింది. కానీ పక్కనున్నవాళ్ళు, నువ్వు మాట ఇచ్చేశావు అన్నారు. ఆయన వదిలేశాడు.

"అది మోసం చేసి పుచ్చుకున్న అభయం. అదే నిలబడింది," అన్నాడు షేక్. "ఇతను మోసం కూడా చేయలేదు. మన కితాబుల్లో రాజుతో రాజు చేసుకునే సంధీ, దిక్కులేని పరాయివాడికి ఇచ్చే అభయమూ ఒకే అధ్యాయంలో ఉంటాయి మిషారీ. రెండూ ఒకటే కాబట్టి. ఆ మనిషి పాస్‌పోర్టులో మన వీసా ఉంది. అది మనం ఇచ్చిన అమాన్. మన నేలమీద నీ ప్రాణానికి పూచీ మాది అని రాసి ముద్ర వేసి పిలిచాం. ఆ పూచీ కింద వచ్చినవాణ్ణి తీసుకెళ్ళి నిప్పుల్లో వేస్తే, రేపు మన పాలకుడు ఏ రాజ్యంతో సంధి చేసుకున్నా ఎవరు నమ్ముతారు?"

పొరపాటు సంగతేమిటని మిషారి మెల్లగా అడిగాడు.

"అభయం ఇచ్చామా లేదా అని అనుమానం వస్తే ఇచ్చినట్టే లెక్క. పొరపాటు ఎవరిదైనా సరే, లాభం బలహీనుడికే పోతుంది. ఇది నేను పుట్టించింది కాదు. గౌస్‌ను అడుగు, చదివినవాడే."

నిజమే, నేను చదివినవాణ్ణే. ఆ అధ్యాయం మదరసాలో బట్టీపట్టి, పరీక్ష రాసి, మర్నాడే మరిచిపోయాను. కత్తులూ గుర్రాలూ ఉన్న రోజుల గొడవ మనకెందుకు అనుకున్నాను. ఆ మాటలు ఇలా ఒక జగిత్యాల మనిషికి అడ్డం నిలబడతాయని నాకు ఏ ఉస్తాదూ చెప్పలేదు. కాఫీ కూజా పట్టుకుని ఆయన వెనక నిలబడ్డ నాకు కళ్ళు చెమర్చాయి. గోడమీద పిల్లి కాదు, ఆయన గోడే అనిపించింది. నా జన్మలో అంత గౌరవం ఇంకెవరి మీదా కలగలేదు.

మిషారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఓడిపోవడం కూడా తెలిసిన వ్యాపారి. సరే మామా, ఆ ఒక్కణ్ణీ తీసుకో, కఫాలా, అదే అతని స్పాన్సరు కాగితం, నీ పేరు మీదికి మారుస్తాను, ఇక్కడే నీ ఏసీలు చూసుకుంటాడు అన్నాడు. లేవబోతుంటే నా నోరు ఆగలేదు, మరి మిగిలినవాళ్ళు అన్నాను. మిషారి నా వైపు చూసి, మిగిలినవాళ్ళెవరూ మామ ఇంట్లో ఫింజాన్ కింద పెట్టలేదు కదా అన్నాడు. 

అతను వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను. వీసా అందరికీ ఉంది, అభయం అందరిదీ, ఒక్కడికే ఎలా సరిపెడతారు అన్నాను. షేక్ తల పట్టుకుని కూర్చున్నాడు. నన్ను ఎవరడిగారు అన్నాడు. నేనడుగుతున్నాను కదా అంటే, నువ్వు ఆ బస్సెక్కవు, నీకు పోయేదేమీ లేదు, పోగొట్టుకునేవాడు వచ్చి అడగాలి అన్నాడు. "అడగకుండా తీర్పు చెప్పడం ఒకసారి మొదలుపెడితే నేనెక్కడ ఆగుతాను? రేపు పాలకుడి త్రాసు కూడా లాక్కుంటాను. అడగాలి గౌస్. ఒక్కడైనా అడగాలి." ఆ చివరి మాట ఆయన నాతో అన్నట్టు లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంత గొప్ప మనిషికి ఇంత చాదస్తం ఎందుకు పెట్టావు అల్లా అనుకున్నాను.

బుధవారం సదానందాన్ని తీసుకురావడానికి సనయ్యా పారిశ్రామికవాడలో వాళ్ళ క్యాంపుకు వెళ్ళాను. రేకుల గదులు, తీగల మీద ఆరుతున్న యూనిఫారాలు. గదిలో సదానందం సంచీ సర్దుకుని మంచం అంచున తల దించుకుని కూర్చున్నాడు. పక్క మంచం మీద ఓబదయ్య కూడా, ఇరాక్ బస్సు కోసం, సంచీ సర్దుకుంటున్నాడు. ఓబదయ్యది అమలాపురం వైపు, డక్టులు బిగించే ఫిట్టరు, దిండు కింద బైబిలు. ఇద్దరూ ఒకే రోజు ఈ దేశంలో దిగి, అప్పటినుంచి ఒకే కుక్కర్లో వండుకుంటున్నారు. ఆ కుక్కరు ఇప్పుడు సదానందం ఒళ్ళో ఉంది.

"పట్టుకెళ్ళరా, నాకక్కడ మిలట్రీవోళ్ళు పెడతారు లే," అంటున్నాడు ఓబదయ్య. నన్ను చూసి నవ్వాడు. "చూశారాండీ భాయ్ గారూ, ఈడికి ఏడుకొండలవాడు శనివారం పూట కాఫీ కప్పులో అగుపడ్డాడంట. మా ప్రభువు ఇంకా దారిలో ఉన్నట్టున్నాడు."

అతను నవ్వుతున్నాడే గానీ, సంచీ జిప్పు వేయడానికి చేతులు సహకరించడం లేదు. సదానందం లేచి వెళ్ళి ఆ జిప్పు వేసిపెట్టాడు. 

కారులో నేనే మాట్లాడాను. సంతోషంగా ఉండప్పా, గండం గడిచింది అన్నాను. మిషారితో జరిగిన వాదమంతా చెప్పాను, హుర్ముజాన్ నీళ్ళు ఒలకబోసిన కథ కూడా చెప్పాను. మిగిలినవాళ్ళ సంగతి అడిగితే షేక్ నామీద ఎలా విరుచుకుపడ్డాడో చెప్పి, అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, మా షేక్ అమ్మకంటే గట్టివాడు అన్నాను. సదానందం కుక్కరు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. కాసేపటికి, అడిగేటోడు గూడ ఆ బస్సెక్కేటోడే గావాల్నా అని అడిగాడు. అవునన్నాను.

ఇంట్లో షేక్ పండగ చేసుకుంటున్నాడు. పాత ఫింజాన్ సాసరు తీయించి, కడిగించి, కాఫీ గింజలు తానే దగ్గరుండి వేయించాడు. యాలకుల వాసన గుమ్మం దాకా వచ్చింది. ఇన్నాళ్ళ తలనొప్పి తీరబోతోందని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. సదానందాన్ని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. అతను కుక్కరు కారులో వదలకుండా లోపలికి తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. షేక్ అతనికి పోశాడు, తనకు పోసుకున్నాడు, నాకు కూడా ఒకటి పోసిచ్చాడు.

"తాగు, నీ పని అయింది," అన్నాడు. అని తన ఫింజాన్ పెదవుల దాకా తీసుకున్నాడు.

సదానందం రెండు చేతులా అందుకున్నాడు. ఒక క్షణం దాని వంక చూశాడు. తర్వాత మొదటి రోజు పెట్టినట్టే, ఎంతో మర్యాదగా, తివాచీ మీద తన ముందు పెట్టాడు.

నేను వారాలు లెక్కేసుకున్నాను. శనివారం కాదు. షేక్‌కు సరిగ్గా కనపడకపోయినా, అతను తాగలేదని తెలిసిపోయింది. ఫింజాన్ పెదవుల దగ్గరే ఆగింది. మళ్ళీ ఉపవాసమా అని అడిగాడు నన్ను.

నేను అడిగేలోపే సదానందం నా వైపు తిరిగాడు. 

"చెప్పు గౌస్ భాయ్. ఇయ్యాల నాకు ఒక్కపొద్దు లేదు. నేను తెలిసే వెట్టిన. ఓబదయ్యను, ఆ బస్సుల ఉన్నోళ్ళందర్ని తోలకుండ్రి అని అడుగుతున్న. వాళ్ళను తోలితె నన్ను గూడ తోలుమను. గా కాగితం నాకొద్దు. ఇగ నేను గూడ ఆ బస్సెక్కేటోన్నే."

నేను అరబీలోకి మార్చాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.  ఫింజాన్‌లోంచి ఆవిరి షేక్ గడ్డం మీదుగా పైకి పోతోంది. తర్వాత ఆయన దాన్ని తాగకుండా సదానందం ఫింజాన్ పక్కనే కింద పెట్టాడు. చెయ్యి చాపి సదానందం తలమీద పెట్టాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడడం నాకు అదే మొదటిసారి.

"అడిగాడు," అన్నాడు. కర్ర పట్టుకుని లేచాడు. "గౌస్, మిషారి ఇంటికి పోవాలి. కారు తియ్యి."

నాకు పోసిన ఫింజాన్ ఇంకా నా చేతిలోనే వేడిగా ఉంది. నేనూ దాన్ని ఆ రెండింటి పక్కన పెట్టి, తాళాలు తీసుకున్నాను.